వంటాయన పథ్యం

ఆర్మూర్,
12 నవంబరు 1961

అక్క నీలవ్వకు తమ్ముడు హన్మండ్లు శనార్థులు.

రెండేళ్ల తర్వాత నా అక్షరాలు చూసి ఎవరికేమైందోనని భయపడకు. అందరం బతికే ఉన్నాం. నా బిడ్డ గంగమణికి కొడుకు పుట్టాడు. పదిహేనేళ్లుగా నా పక్కన గంటె పట్టే కాశీరాం ఇంకా నాతోనే ఉన్నాడు. ఈ ఏడు పసుపు చేలు బాగున్నాయి. పసుపు బాగుంటే పెళ్లిళ్లు ఎక్కువ, పెళ్లిళ్లు ఎక్కువైతే మాకు పని ఎక్కువ.

అసలు సంగతి రాయమని నీ మరదలు భాగ్యవ్వ పక్కన కూర్చుని పోరుతోంది. ఆరు నెలలుగా నాకు కడుపులో మంట. రొమ్ము కింద వెచ్చగా మొదలవుతుంది. కాసేపటికి లోపల ఎవరో నిప్పు పెట్టి ఊదుతున్నట్టు ఉంటుంది. వాము నమిలాను, సోడా తాగాను, కల్లు మానాను, మళ్లీ తాగాను. పోయిన నెల నిజామాబాదులో పెద్ద దవాఖానకు పోతే సున్నం కలిపినట్టున్న తెల్లటి నీళ్లు తాగించి కడుపు ఫొటో తీశారు. డాక్టరు ఆ ఫొటోను వెలుతురుకు పెట్టి చూశాడు.

"కడుపుల పుండు పడ్డది. మిరపకాయ బంద్, చింతపండు బంద్. కల్లు, బీడీ, చాయ్ అన్నీ బంద్. పాలు, మెత్తటన్నం, చప్పిడి పప్పు. మూడు గంటలకోపారి జరంత జరంత తినాలె."

"ఎన్ని దినాలు సారూ?"

"నువ్వేం పని చేస్తవు?"

"పెండ్లిళ్లల్ల వంట చేస్త."

ఆయన నా మొహం వంక చూసి, పెన్ను కింద పెట్టేశాడు.

గంగమణి పెళ్లిలో నేను నిన్ను పదిమంది ముందు అన్న మాట మరచిపోలేదు. కూరలో కారం ఎక్కువైందని నువ్వంటే, దవాఖానలో గంజి కాసేవాళ్లకు పెళ్లివంట ఏం తెలుసని అన్నాను. నువ్వు అప్పగింతల దాకా కూడా ఆగకుండా బస్సెక్కావు. ఇప్పుడు నాకు ఆ గంజే కావలసి వచ్చింది. భాగ్యవ్వ వండిన చప్పిడి పప్పు నోట్లో పెట్టుకుంటే ఏడుపొస్తోంది. రోగులకు ఏం పెడతారో, ఎలా తినిపిస్తారో రాయి.

నీ తమ్ముడు
హన్మండ్లు


హైదరాబాదు,
21 నవంబరు 1961

తమ్ముడు హన్మండ్లుకు అక్క దీవెనలు. భాగ్యవ్వకు, గంగమణికి, ఆ పసిగుడ్డుకు కూడా.

నీ ఉత్తరం మా దవాఖాన వంటశాల మెట్ల మీద కూర్చుని చదివాను. అబద్ధమెందుకు, ఒకచోట నవ్వాను. తర్వాత చాలాసేపు లేవలేకపోయాను. నాయన కూడా ఇలాగే రొమ్ము కింద చెయ్యి పెట్టుకుని తిరిగేవాడు. ఆ జబ్బుతోనే పోయాడు. నీకప్పుడు నాలుగేళ్లు, గుర్తుండదు.

ఇక విను. ఒట్టి కడుపున పొయ్యి ముందు నిలబడవద్దు. మీ పనిలో వచ్చినవాళ్లందరూ తిన్నాక పొద్దుగూకే వేళకు మీరు తింటారు, నీ పుండుకు అదే సగం కారణం. పాత బియ్యం తీసుకుని, వేలెడు నీళ్లు ఎక్కువ పోసి ఉడికించాలి. పెసరపప్పులో బీరకాయ గాని సొరకాయ గాని వెయ్యి. మెత్తటి తైద జావ, ఇక్కడ రాగి జావ అంటారు, మంచిదే. పెరుగు పులియకముందే తినాలి. పాలు చెంబెడు ఒకేసారి తాగేయకుండా కొంచెం కొంచెంగా తాగు. అరటిపండు దొరికితే మరీ మంచిది. మక్క రొట్టె కొన్నాళ్లు వద్దు.

మా దగ్గరికి నీ జబ్బుతో వచ్చేవాళ్లు చాలామందే. బాగుపడేవాళ్లు బాగుపడతారు. నొప్పి తగ్గగానే జబ్బు పోయిందనుకునేవాళ్లు మాత్రం మళ్లీ వస్తారు. ఈసారి నడిచి రారు, మోసుకొస్తారు. నువ్వు ఆ రకం మనిషివని నాకు తెలుసు.

ఇక్కడ చలి మొదలైంది. గంట కొట్టారు, గంజి వడ్డించాలి.

మీ అక్క
నీలవ్వ


ఆర్మూర్,
30 జనవరి 1962

అక్కకు శనార్థులు.

నువ్వు నవ్వానని రాశావు. అంత పెద్ద ఉత్తరంలో నాకు ఆ ఒక్క మాటే కనబడింది. అందుకే రెండు నెలలు జవాబు రాయలేదు.

అయినా నువ్వు చెప్పినట్టే నలభై రోజులు తిన్నాను. భాగ్యవ్వను అడుగు. ఇరవయ్యో రోజుకే మంట పోయింది. నలభయ్యో రోజుకు నాకు జబ్బు ఉండేదన్న సంగతే మరచిపోయాను.

అక్కడ మీ పట్నంలో ఏమంటున్నారో గాని, ఈ అమావాస్యకు ఎనిమిది గ్రహాలు ఒక్కచోట చేరి లోకం మునిగిపోతుందని ఇక్కడ గగ్గోలుగా ఉంది. ఇంటింటా భజనలు. పెళ్లి ముహూర్తాలు పెట్టుకున్నవాళ్లంతా ఆగిపోయారు. మాకు పని లేదు. మొన్న మన వాడకట్టు ధర్మయ్య కల్లు ముంత ముందర పెట్టుకుని నన్ను పిలిచాడు.

"లోకమే పోతుంటే నీకు పాలెందుకే హన్మండ్లూ? దా, కూసో."

ఆ మాట నాకు న్యాయంగానే తోచింది. కూర్చున్నాను. మిరప తొక్కు, మక్క రొట్టె, రెండు ముంతల కల్లు. అక్కా, మూడు నెలల తర్వాత నాలుక మీద కారం తగిలితే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏమీ కాలేదు. మర్నాడు కూడా ఏమీ కాలేదు. పథ్యం చాలించాను. నాయన సంగతి నాయనతోనే పోయింది.

లోకం నిలబడితే మళ్లీ రాస్తాను.

హన్మండ్లు


హైదరాబాదు,
26 ఫిబ్రవరి 1962

తమ్ముడు హన్మండ్లుకు,

లోకం మునగలేదు. అమావాస్య నాడు కూడా నూట ఎనభై మందికి గంజి కాశాను.

నేను నవ్వింది నీ జబ్బుకు కాదురా. డాక్టరు పెన్ను కింద పెట్టేశాడని రాశావు చూడు, అక్కడ నవ్వాను. నిన్ను చూసి ఆయన కలం ఆగిపోవడం నా కళ్లకు కట్టింది. దానికి నువ్వు రెండు నెలలు అలిగి కూర్చున్నావు.

ఇప్పుడు నాకు నవ్వు రావడం లేదు. చిన్నాయన కొడుకు దేవిదాసు మొన్న బస్సు మీద డ్యూటీకి వచ్చి, మన భీమ్‌గల్ చుట్టాల పెళ్లిలో నిన్ను చూశానని చెప్పాడు. "అన్న గంగాళం కాడ నిలవడి యాటకూర బుక్క మీద బుక్క పెడ్తుండు. నా కండ్లార చూసిన" అన్నాడు. నేను ఏ ముఖం పెట్టుకుని వినాలి?

తినేవాడికైతే పది పేజీలు రాస్తాను. వినేవాడికైతే అయిదు రాస్తాను. నువ్వు ఈ రెండూ కావు. ఇక నీకు పథ్యం గురించి ఒక్క అక్షరం రాయను.

నీలవ్వ


నిజామాబాదు దవాఖాన,
9 మార్చి 1962

అక్కకు శనార్థులు.

పడుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

ముందు భీమ్‌గల్ సంగతి. ఆ రోజు నేను తినలేదు. నొప్పి మళ్లీ మొదలైందని భయపడి, పక్కన చెంబు పెట్టుకుని, రుచి చూసిన ప్రతి ముక్కనూ ఉమ్మేశాను. దేవిదాసుకు నా నోరు కనబడింది గాని చెంబు కనబడలేదు. ఆ మాట నా ఒక్కగానొక్క అక్క నమ్మింది. నీ ఉత్తరం చదివి నాకు ఒళ్లు మండిపోయింది. తినకుండానే తిన్నవాణ్ని అయ్యాను కదా, ఇక తింటే ఏం అనుకున్నాను. ఆ తర్వాతి పెళ్లి అంకాపూర్‌లో. అందరూ లేచాక విస్తరి వేసుకుని, బగారన్నం, యాటకూర కడుపునిండా తిన్నాను. రెండు పూటలు తిన్నాను. దేవిదాసు చెప్పిన రోజున అది అబద్ధం. పది రోజుల్లో నేనే దాన్ని నిజం చేశాను.

మూడో నాడు పొద్దున వాకిట్లో కూలబడ్డాను. కక్కితే బొగ్గుపొడి కలిపిన నీళ్లలా నల్లగా పడింది. బస్సుకు ఇంకా వేళ కాలేదు. పసుపు అమ్మే గంజు నుంచి బస్తాలతో ఒక లారీ బయలుదేరుతుంటే కాశీరాం దాన్ని ఆపి నన్ను బస్తాల మీద పడుకోబెట్టాడు. ఇక్కడికి వచ్చేసరికి నా ఒళ్లూ బట్టలూ పచ్చగా ఉన్నాయి. నర్సమ్మ చూసి, "కామెర్లు గూడ ఉన్నయా?" అని అడిగిందట. భాగ్యవ్వ ఏడుస్తూనే నవ్విందట. నాకు తెలివి లేదు. కాశీరాం చెయ్యి చాపి తన రక్తం ఇచ్చాడు.

డాక్టరు నిన్న మంచం పక్కన నిలబడి చెప్పాడు. "ఇంకోపారి గిట్లయితే కడుపు కోసుడే. అసలు గా బల్ల దాంక వస్తవో రావో చెప్పలేను."

నాకు భయమేసింది అక్కా. ఎవరితోనూ అనలేదు, నీకే రాస్తున్నాను. చావుకన్నా ఇంకో భయం పెద్దది. బతికినంత కాలం చప్పిడి తినమంటున్నారు. నలభై ఆరేళ్లు నాకు. ఇంకో ఇరవై ఏళ్లనుకుంటే ఎన్ని పూటలు? కళ్లు మూసుకుంటే ఆ పూటలన్నీ తెల్లటి గిన్నెలై వరసగా కనబడుతున్నాయి. చప్పిడి తినేవాడు పెళ్లికి వంట చేస్తే ఎవరు పిలుస్తారు? రోగులను ఎలా తినిపిస్తావో చెప్పు. రాయనన్నావు. కానీ రాయి.

నీ తమ్ముడు
హన్మండ్లు


ఆర్మూర్,
2 మే 1962

అక్కకు,

యాభై నాలుగు రోజులు చూశాను. నువ్వు రాయలేదు. నీ పంతం నీది.

నేను మాత్రం తింటున్నాను. ఎందుకో తెలుసా? నీ మీద కోపంతో. నీలవ్వ రాయకపోతే హన్మండ్లు బతకలేడా అని ప్రతి పూటా ఆ గిన్నె ముందు కూర్చున్నాను. మొదటి నెల అలా గడిచింది.

కోపం ఎల్లకాలం ఉండదు. ఏప్రిల్‌లో పెళ్లిళ్లన్నీ కాశీరాం ఒక్కడే చేశాడు. నేను ఇంట్లో కూర్చున్నాను. గంజులో పసుపు రాశులు పడి ఊరంతా ఘాటు వాసన. పక్కింట్లో ఎండుమిరపకాయలు నూనెలో పడితే నా నోట్లో నీళ్లూరేవి. ఒక మధ్యాహ్నం నేను గిన్నెను విసిరేశాను. పప్పంతా గోడ మీద పడింది. భాగ్యవ్వ గోడ తుడిచింది. తుడిచి, చేతులు కడుక్కుని, నా ముందుకు వచ్చి నిలబడింది.

"నాకొచ్చిందిదే. ఊరందరికి వండి పెడ్తవు గద, నీకు నువ్వు వండుకో!"

పొయ్యి చూపించి బయటికి పోయి అరుగు మీద కూర్చుంది.

ముప్పై ఏళ్లుగా వేలమందికి వండినవాణ్ని. నా ఒక్కడి కోసం పొయ్యి ముట్టించడం అదే మొదలు. ఎంత బియ్యం వేయాలో కూడా తెలియలేదు, చెయ్యి గంగాళాలకు అలవాటు పడింది కదా. పెసరపప్పును ఒట్టి మూకుడులో వేయించాను. గింజ రంగు మారకముందే ఒక వాసన వస్తుంది, అక్కడ దించాను. ఈ ఏడు కొత్త పసుపు కొమ్ము దంచి చిటికెడు వేశాను. బీరకాయ లేతది. చివర్లో నేతిలో జీలకర్ర. ఉప్పు వేయబోయి చెయ్యి ఆగిపోయింది. కారం ఉంటే ఉప్పు కాస్త అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. ఇక్కడ ఒక్క పలుకు ఎక్కువైనా దొరికిపోతాను.

అప్పుడు నాకు అర్థమైంది. ఇన్నేళ్లూ కారం కింద ఎన్ని తప్పులు దాచానో. గంగమణి పెళ్లి కూరలో కారం నిజంగానే ఎక్కువ. యాట ముదురుది తెచ్చారు, మాంసం పీచుగా ఉంది, అది తెలియకూడదని వేశాను. నువ్వు ఒక్కదానివే పట్టుకున్నావు.

ఆ పప్పు తిన్నాను. బాగుంది. భాగ్యవ్వను పిలిచి పెట్టాను. ఆమె రెండోసారి వేసుకుంది.

నీకిష్టమైతే జవాబు రాయి.

హన్మండ్లు


హైదరాబాదు,
3 జూన్ 1962

నా తమ్ముడు హన్మండ్లుకు అక్క వెయ్యేళ్ల ఆయుస్సు కోరి రాయునది.

ఈ అక్షరాలు ఎవరివోననుకోకు, నావే. నీ దవాఖాన ఉత్తరం వచ్చిన నాడే గంజి గంగాళం దించుతుంటే నా కుడి చేతి మీద ఒలికింది. మోచేతి దాకా కాలింది. రెండు నెలలు కట్టు. ఎవరితోనైనా రాయించవచ్చు గదా అంటావు. కోపమైతే రాయించేదాన్ని. నీకు రాయవలసింది ఇంకొకరి చేతికి ఇవ్వలేకపోయాను. నువ్వు అక్కడ నా మీద పగతో తింటున్నావని తెలిస్తే ఇక్కడ ఇంకొన్నాళ్లు హాయిగా ఊరుకునేదాన్ని!

దేవిదాసు మాట నమ్మడం నా తప్పు. నిన్ను అడగవలసింది.

రోగులను ఎలా తినిపిస్తావని అడిగావు. మార్చిలో అడిగినప్పుడు నాకు తెలుసనుకున్నాను. చెయ్యి కాలాక తెలియదని తేలింది. పదిహేడేళ్లుగా మంచం మంచానికీ తిరిగి, "తినుండ్రి, తినకుంటె ఎట్ల తక్కువయితది" అని కసిరినదాన్ని. నొప్పితో మంచంలో ఉండి చూస్తే, ఎదురుగా ఉన్న గిన్నె ఎంత దూరంలో ఉంటుందో తెలిసింది. నేను వండించే గంజినే నా ముందు పెడితే నేనే మొహం తిప్పుకున్నాను. మూడు రోజులు తినలేదు. పుండు మానలేదు.

నాతో వంటశాలలో పనిచేసే మంగవ్వ చెంచా పట్టుకుని వచ్చి కూర్చుంది. బతిమాలలేదు, తిట్టలేదు. "గీ ఒక్క బుక్క తిను అక్కా. రేపటిది రేపు సూద్దాం" అంది. ఒక్క బుక్క తినలేనని ఎలా అంటాను? తిన్నాను. కాసేపు తన కోడలి సంగతులేవో చెప్పింది. మళ్లీ, "గీ ఒక్కటి" అంది. అలా గిన్నె అయిపోయింది. నా దగ్గర ఉన్న ఉపాయం ఇంతే. ఇరవై ఏళ్ల గిన్నెలు వరసగా కనబడుతున్నాయన్నావు. వాటిని నువ్వు తినేది లేదురా. నీ ముందున్నది ఒక్కటే.

చెయ్యి బాగయ్యాక నీ పద్ధతిలో పప్పు వేయించి వండాను. నూట ఎనభై మందికి వేయించడానికి మంగవ్వా నేనూ పొద్దున్నే లేచాం. మగవాళ్ల వార్డు నుంచి మనిషి వచ్చి, "ఇయ్యాల పప్పు ఎవలు చేసిండ్రు?" అని అడిగాడు. ఆర్మూర్ వంటాయన చేశాడని చెప్పాను.

భాగ్యవ్వ నీకంటే తెలివైంది. అది నాకు ముందే తెలుసు.

అక్క
నీలవ్వ


వేల్పూర్,
17 ఫిబ్రవరి 1963

అక్కకు తమ్ముడు హన్మండ్లు శనార్థులు.

పెళ్లింట్లో, పొయ్యి పక్కన బియ్యం బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. నేలంతా తడి.

కార్తీకంలో నొప్పి మళ్లీ వచ్చిందని నీకు రాయలేదు. నేనేమీ తినకూడనిది తినలేదు. ఊరికే వచ్చింది. ఆ నాలుగు రోజులు చాలా కష్టమయ్యాయి. ఇంత చేసినా వచ్చింది కదా, ఇక ఎందుకు అనిపించింది. భాగ్యవ్వకు నీ ఉత్తరం కంఠతా వచ్చు. పాలగ్లాసు పట్టుకుని నిలబడి, "గీ ఒక్కటి" అంది. నెల రోజులు పాలు, జావతో గడిపాను. తగ్గింది. మళ్లీ వస్తే మళ్లీ అంతే. ఇప్పుడు నాకు దాని మీద కోపం లేదు.

మాఘం మొదటి నుంచి పనికి పోతున్నాను. కారపు వంటకాల రుచి కాశీరాం చూస్తాడు. మొదట్లో గంటె అతని చేతికి ఇచ్చి మళ్లీ లాక్కునేవాణ్ని. ఇప్పుడు నేను వాసన చూసి చెప్తాను, అతను నోట్లో వేసుకుని తల ఊపుతాడు. "నీ ముక్కు నా నాలుకకంటె మంచిగున్నదే" అంటాడు. పిలిచేవాళ్లు పిలుస్తున్నారు. ఇద్దరు ముగ్గురు మానుకున్నారు.

ఇక ఈ పెళ్లి సంగతి. నిన్న నా కోసం ఒక చిన్న గిన్నెలో పప్పు, మెత్తటన్నం చేసుకుంటుంటే, పెళ్లికూతురి నాయనమ్మ కమలవ్వ గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

"గదేంది బిడ్డా, గా చిన్న గిన్నెల?"

"నా తిండి అవ్వా. నాకు కడుపుల పుండు. కారం పడదు."

ముసలామె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నాకు గూడ పడదు. తొమ్మిదేండ్లాయె. పెండ్లిళ్లకు పోతే ఉపాసమున్ననని చెప్త. జరంత పెడ్తవా?"

పెట్టాను. నా ఎదురుగా పీట మీద కూర్చుని తిన్నది. తింటూ తన పెద్ద మనుమరాలిని పిలిచింది. ఆ అమ్మాయికి ఆరో నెల, కూర వాసనకే వాంతి. ఆమె వెనక పళ్లు లేని ఒక పెద్దాయన. ఆయన వెనక, నాలాగే రొమ్ము కింద చెయ్యి పెట్టుకున్న ఒక పట్వారీ. నేను ఆ చేతిని చూడగానే గుర్తుపట్టాను. ఎవరూ చెప్పుకోరు అక్కా. ముప్పై ఏళ్లుగా పెళ్లిళ్లకు వండుతున్నాను, ప్రతి పందిట్లోనూ ఇంతమంది ఆకలితో కూర్చుని నవ్వుతూ తిరిగిపోతున్నారని నాకు ఒక్కనాడూ తెలియలేదు.

ఇవాళ పొద్దున కావాలనే పెద్ద గిన్నె పెట్టాను. పెళ్లివారికి చెప్పలేదు. పందిట్లోకి పోయి కమలవ్వ చెవిలో చెప్పాను, అంతే. ముప్పై మంది దాకా వచ్చారు. నడిపయ్య అని ఇందల్వాయి నుంచి వచ్చిన ఒకాయన విస్తరి మడిచి, నా భుజం మీద చెయ్యి వేసి పోయాడు. వచ్చే నెల కమలవ్వ వాళ్ల ఇంకో మనుమరాలి పెళ్లి. "గా చప్పిడి పప్పు లేకుంటె నేను రాను" అని కొడుకుతో చెప్పిందట.

అందరికీ వడ్డించి చూసుకుంటే గిన్నె అడుగు కనబడుతోంది. నాకు లేదు. కాశీరాం కంగారుపడి పాల కోసం పరుగెత్తాడు. నేను మళ్లీ పప్పు వేయించి పొయ్యి మీద పెట్టి, ఈ కాగితం తీశాను.

ఇందాక రాస్తూ ఉంటే కడుపులో ఏదో కదిలింది. చెయ్యి రొమ్ము కిందికి పోయింది. ఏడాదిన్నరకు పైగా కడుపు ఖాళీ అయితే నాకు తెలిసేది మంటే. ఊపిరి బిగబట్టి చూశాను. మంట రాలేదు. కాసేపు ఆగి మళ్లీ చూశాను. ఒట్టి ఆకలి. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి పుస్తకాలు పడేసి పొయ్యి దగ్గరికి ఉరికినప్పటి ఆకలి.

పప్పు పొంగుతోంది. దించి తింటాను.

నీ తమ్ముడు
హన్మండ్లు